కాలువ చివర పెట్టె

టైలరమ్మ కాలు విరిగి నాలుగు వారాలైంది. షాపులో గడప తట్టుకుని పడ్డానని అడిగినవాళ్లకీ చెప్పింది, అడగనివాళ్లకీ చెప్పింది. ఇరవై రెండేళ్లు మిషను తొక్కిన కాలు ఇప్పుడు పిండికట్టులో, దిండు మీద ఉంది. ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతకాదు. పలకరించడానికి వచ్చినవాళ్ల చొక్కా గుండీలకు వంకలు పెట్టి తరిమేస్తోంది.

ఆ గోల పడలేక ఆడపడుచు తన పాత లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. అందులో ఒక ఆట ఉంది. గెలుపూ ఓటమీ లేవు. దిమ్మ మీద దిమ్మ పేర్చి ఏది కావాలంటే అది కట్టుకోవడమే. ఎక్కడెక్కడివాళ్లో ముప్పైమంది చేరి అందులో ఒక ఊరు కట్టుకుంటున్నారు. ఊరికి పెద్ద ఒకాయన. అందరూ మేస్త్రి అంటారు. వారం తిరక్కుండానే టైలరమ్మ గోధుమపొలం వేసి, మిల్లు పెట్టి, ఊరంతటికీ రొట్టెలు పంపే పని నెత్తిన వేసుకుంది. పొద్దున లేవగానే మందుల కన్నా ముందు మిల్లు చూసుకునేది. తనకోసం ఒక పని ఎదురుచూస్తోందంటే చాలు, ఆవిడకు ప్రాణం లేచి వచ్చేది.

మిల్లు సంగతి సులువే. కోసిన పంట కాలువలో పడి తేలుతూ వస్తుంది. దారిలో ఒక గరాటు గోధుమల్ని పట్టి మిల్లుకు పంపుతుంది, దాని తర్వాతి గరాటు విత్తనాల్ని పట్టి పెట్టెలో వేస్తుంది. చిక్కల్లా ఆ విత్తనాలతోనే. గోధుమ ఒకటి వస్తే విత్తనాలు రెండు వస్తాయి. పెట్టె నిండిందా, విత్తనాలు కాలువలోనే నిలబడిపోతాయి, వాటి వెనక గోధుమలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వారంలో రెండుసార్లు ఊరికి రొట్టె అందలేదు.

మేస్త్రి కబురు పెట్టాడు. ఆదివారం నాలుగింటికి వచ్చి చూస్తాం, అరగంట ఆగకుండా నడిస్తే మిల్లు మీదే, ఆగితే మాత్రం పక్కవీధి కవలలకు ఇచ్చేస్తాం అన్నాడు. టైలరమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. షాపు ఎలాగూ మూతపడింది, ఇదీ పోతే ఇక గోడలు చూస్తూ కూర్చోవాలి.

"దీనికింత దిగులెందుకు వదినా? కాలువ చివర నిప్పులగుంట పెట్టు. మిగిలినవి అందులో పడి కాలిపోతాయి," అంది ఆడపడుచు.

"కాల్చేస్తావా? బంగారంలాంటి విత్తనాల్ని?"

"అవి నిజం విత్తనాలు కావు వదినా!"

"అయితే మాత్రం? కళ్లముందు తగలబెడుతుంటే చూస్తూ కూర్చోనా?"

"షాపులో గుడ్డముక్క పారెయ్యనివ్వవు, ఇక్కడ గింజ పారెయ్యనివ్వవు. నీతో వేగలేం తల్లీ."

టైలరమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. విత్తనాలు తినడానికి కాలువ చివర కోళ్లను పెట్టింది. కోళ్లు శుభ్రంగా తిన్నాయి, తిన్నవి ఊరుకోక గుడ్లు పెట్టాయి. గుడ్లకు దారి వదలాలని ఆవిడకు తోచలేదు. అవి దొర్లుకుంటూ కాలువలోనే పడ్డాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు! శనివారం మధ్యాహ్నానికి కాలువంతా గుడ్లే. వాటిని చూసి ఆడపడుచు మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి ఆడపడుచు నవ్వు ఆపి, దగ్గరగా జరిగి కూర్చుంది. "మా పార్శిలాఫీసులో లైను చివర ఒక బుట్ట ఉంటుంది వదినా. ఏ సంచికీ చెందనివన్నీ అందులో పడతాయి. ఆ బుట్ట తీసేస్తే చాలు, గంటలో ఆఫీసంతా ఆగిపోతుంది. దాచుకోవడానికి ఎంత చోటున్నా, పోవడానికి ఒక దారి ఉండాలి."

టైలరమ్మ లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని, కాలువను గోడ అవతలికి, వీధిలోకి తవ్వింది. అక్కడ మూతలేని పెట్టె ఒకటి పెట్టి, 'కావలసినవాళ్లు ఊరికే తీసుకోండి' అని పలక తగిలించింది. పెట్టెకు అవతల, ఇంకా మిగిలితే పడడానికి, చిన్న నిప్పులగుంట కూడా తవ్వింది.

"మనుషులు తీసుకోగా మిగిలితేనే నిప్పు," అంది గట్టిగా. అన్నదేగానీ ఆ రాత్రి తొలి విత్తనం గుంటలో పడినప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆదివారం మేస్త్రి నలుగురితో వచ్చి అరగంట నిలబడ్డాడు. కాలువ ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో, ఆ రోజే ఊళ్లోకి వచ్చిన వట్టిచేతుల మనిషి ఒకడు పెట్టె దగ్గర ఆగి, "ఇవి నిజంగా ఊరికేనా?" అని అడిగాడు. టైలరమ్మ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది: "ఊరికేనయ్యా. గుడ్లు కూడా పట్టుకెళ్లు." వాడు సంచి నింపుకుని వెళ్తుంటే ఆవిడకు కడుపు నిండినట్టయింది. మేస్త్రి 'మిల్లు మీదే' అన్న మాట కాసేపటికి గానీ ఆవిడ చెవికెక్కలేదు.

కట్టు విప్పాక షాపు తెరిచిన మొదటిరోజు, ఆఫీసుకు వెళ్తూ ఆడపడుచు అక్కడ ఆగింది. షట్టరు పక్కన గోడకు పెద్ద బుట్ట వేలాడుతోంది. నిండా రంగురంగుల గుడ్డముక్కలు, పైన అట్టముక్క మీద అదే మాట. లోపల గోడవారన ఏళ్ల తరబడి పేరుకున్న పన్నెండు మూటల్లో రెండే మిగిలాయి. వాకిలి నుంచి మిషను దాకా తిన్నగా నడిచిపోవచ్చు.

"సాయంత్రానికి మిగిలినవి చెత్తబండికి," అంది టైలరమ్మ, దారం ఎక్కిస్తూ. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక మాట చెబుతా, మీ అన్నయ్యతో అనకు. ఆ రోజు నేను పడింది గడప తట్టుకుని కాదు. మూట తట్టుకుని."

ఆడపడుచు నవ్వు ఆపుకోలేకపోయింది.

"అన్నయ్యకి మొదటిరోజే తెలుసు వదినా. షట్టరు షాపుకి గడపెక్కడుంది?"