అటు తిరిగిన పిల్ల

మా అబ్బాయిది ఫోటో స్టూడియో. ముందుగదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో మేం. ఏటా వాడి పెళ్ళిరోజున, దుకాణం తెరవకముందే, ఇంటిల్లిపాదీ తెర ముందు నిలబడి ఫోటో దిగడం అలవాటు. ఆ ఫోటోలు భోజనాల బల్ల పైన గోడకి వరసగా ఉంటాయి.

మా మనవరాలిని గువ్వ అంటాం. పసితనంలో మాటలు రాకముందు గొంతులో గువ్వలా కూసేది. ఇప్పుడు పదకొండేళ్ళు. మాటలు వచ్చాయి గాని పొదుపుగా వాడుతుంది. దానికి ఆటిజం అని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించే పని దానిదే. వెంట్రుకవాసి తేడా రానివ్వదు. ఫ్లాష్ వెలిగితే మాత్రం చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోతుంది. వెలుగుకి కళ్ళు మూసుకోవాలి గాని చెవులెందుకే అని అడిగితే, అది కూడా వినపడుతుంది అంటుంది.

అందుకని మా వాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒకప్పుడు తిరిగే ఫ్యాను కేసి చూస్తూ అది నవ్వుతుంటే, దానికి తెలియకుండా తీసిన ఫోటో ఒకటుంది. ఇంటి ఫోటోలో అటు తిరిగిన పిల్లని చెరిపేసి, కంప్యూటర్లో ఆ నవ్వే పిల్లని అతికించి, గౌను రంగు మార్చేవాడు. చుట్టాలు చూసి, "ఎంత చక్కగా నవ్వుతోందో!" అనేవాళ్ళు. చూసీ చూసీ మేమూ అదే గువ్వ అనుకోవడానికి అలవాటు పడ్డాం.

ఈసారి పెళ్ళిరోజుకి ముందురోజు అన్నం తింటూ గువ్వ గోడకేసి చూసి చెయ్యి ఆపింది.

"నానమ్మా, ఆ చివరి మూడు ఫోటోల్లో నాది ఒకటే ముఖం."

"నీ ముఖం నీదే కదే. ఏటా మారుతుందా?"

"తమ్ముడిది మారింది. పళ్ళు ఊడాయి, మళ్ళీ వచ్చాయి. నాది ఒకే షీటు మీద కొట్టినట్టుంది."

"అక్క పాస్‌పోర్ట్ సైజు!" అని చిన్నోడు పకపకా నవ్వాడు. వాళ్ళమ్మ వాడి నెత్తిన మొట్టింది.

"నాన్నా, నావి ఏవి?"

మా వాడు ముద్ద మింగి, "నువ్వు అటు తిరిగేశావు తల్లీ. అందుకని బాగున్నది పెట్టాను" అన్నాడు.

"అటు తిరిగింది నేను. అవి చూపించు."

"లేవమ్మా. చెరిపేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

అది ఏడవలేదు, అరవలేదు. "నేను బాగోనా?" అని అడిగింది, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

"అదేం మాట బంగారం! నీకేం తక్కువని?" అంది కోడలు.

"నాకు ఆటిజం. తెలుసు."

"ఎవరు చెప్పారే?"

"నువ్వే. ఫోన్లో పిన్నికి. నేను పక్కనే ఉన్నాను. నేను మీ కేసి చూడను, అంతే. వినపడుతుంది."

నా గుండెలో ఏదో కలుక్కుమనాలి. కలుక్కుమనలేదు. మా ఆయన పోయిన రోజునా ఇంతే. పన్ను పీకించుకోబోయే ముందు సూది వేస్తే దవడ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది చూడండి, అలా ఉంది ఒళ్ళంతా. కంచం అంచున మెతుకులు ఏరుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు తెర ముందుకి గువ్వే అందరికంటే ముందు వచ్చింది. "ఫ్లాష్ వద్దు. అయినా నేను అటే తిరుగుతాను. ఆ గాజుకన్ను చూస్తుంటే నిలబడలేను. నన్ను చెరపొద్దు" అంది. మా వాడు వీధి తలుపు తెరిచి, వచ్చిన వెలుతురుతోనే తీశాడు.

తీసింది కంప్యూటర్లోకి ఎక్కించగానే కోడలు పక్కకి చేరింది.

"ఈ ఒక్కసారికీ ముఖం పెట్టండి. మా అమ్మకి పంపాలి. వీపు చూసి ఏమనుకుంటుంది?"

మా వాడి చెయ్యి అలవాటుకొద్దీ పాత నవ్వుముఖాన్ని తెరిచింది. కుర్చీ వెనక గువ్వ ఉంది.

"అది పెడితే వచ్చే ఏడు నేను రాను. ఆ పిల్లనే నిలబెట్టుకోండి."

మా వాడు నా వైపు తిరిగాడు. "ఏమంటావే అమ్మా?"

"ఫోటో దానిది. నన్నడుగుతావేంరా?"

వాడు పాత ముఖాన్ని మూసేశాడు. ఉన్నది ఉన్నట్టే పంపాడు. పంపిన కాసేపటికే ఫోను మోగింది. వియ్యపురాలి గొంతు గది దాటి వినపడుతుంది.

"ఏమే, పిల్లేదీ? ఎవరో అటు తిరిగి నిలబడ్డారు, పనిపిల్లా ఏంటి?"

కోడలు నోరు తెరిచేలోపే, ఎన్నడూ ఫోను ముట్టని గువ్వ దగ్గరికొచ్చి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"అమ్మమ్మా, అది నేను. నాకు ఆటిజం. కెమెరా కేసి చూడలేను. ఇదివరకు నవ్వింది పాత ఫోటో. నాన్న అతికించాడు."

వియ్యపురాలు గొంతు తగ్గించి, "సరే... తిన్నావా?" అంది.

"తిన్నాను."

ఫోను పెట్టేశాక కోడలు స్టూలు తెచ్చి, బల్ల పక్కన వేసుకుని ఎక్కి, పాత ఫోటోలు దించబోయింది.

"ఉండనీ అమ్మా," అంది గువ్వ. "ఆ పిల్ల నీకిష్టం కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. దానికి ఎత్తిపొడవడం రాదు. కోడలు ఫోటో అంచు పట్టుకుని స్టూలు మీదే నిలబడిపోయింది. దిగమని మేమెవరమూ అనలేదు.