గోడ ఎక్కే చెయ్యి

వేళ్లు గోడ మీద పైకి పాకుతున్నాయి. చూపుడువేలు ముందు, దాని వెనక నడిమివేలు, మిగిలినవి వాటిని ఈడ్చుకుంటూ. లాడ్జి గదిలో మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి నిలబడేంత సందు ఉంది. మరదలు ఆ సందులో గోడకు ముఖం పెట్టి, అల్లరి చేసి శిక్ష పడ్డ బడిపిల్లలా నిలబడింది. పొట్టి మనిషి. సుత్తి పట్టీ పట్టీ మణికట్లు లావెక్కాయి. వేళ్లు ఆమె భుజం ఎత్తు దాటాయి, చెవి దాటాయి, తల దాటి ఆగిపోయాయి. భుజం లోపల తుప్పు పట్టిన తలుపు కీలులా ఏదో కిర్రుమంది.

రెండో మంచం మీద కూర్చుని బట్టలు సంచిలో సర్దుకుంటున్న వదిన తలెత్తకుండానే అంది.

"ఆగావేం? నీకన్నా బల్లి నయం. తోక తెగినా ఎక్కుతుంది."

"నొప్పి నాదీ, మాటలు నీవీ."

"మాటలేనా, నొప్పి కూడా నాకే ఇచ్చెయ్, నేనే ఎక్కుతా. ఊ, ఇంకొంచెం."

మరదలు పళ్లు బిగించి ఇంకొంచెం ఎక్కింది. తర్వాత ముందుకు వంగి, నీళ్ల సీసా పట్టుకుని, చేతిని గడియారం లోలకంలా ఊపింది. ఆపైన తువ్వాలును వీపు వెనక అడ్డంగా పట్టుకుని, వీపు రుద్దుకుంటున్నట్టు కిందికీ పైకీ లాగింది. రోజూ పొద్దునా సాయంత్రమూ ఇంతే. ఏ ఊళ్లో ఉన్నా, ఎంత పని ఉన్నా మానొద్దని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మరీ మరీ చెప్పింది. చెప్పడానికేం, ఆ అమ్మాయికి రోజూ అదే గది, అదే గోడ.

వీళ్లు తెరలు కట్టేవాళ్లు. ఆసుపత్రులకూ, బడులకూ, హోటళ్లకూ, సభలు జరిగే హాళ్లకూ తెరలు అమర్చే కంపెనీ ఒకటి వీళ్లిద్దరినీ ఊరూరా తిప్పుతుంది. వదిన కొలతలు తీసి, బట్ట కోసి, కుడుతుంది. మరదలు నిచ్చెనెక్కి కడ్డీలు బిగించి, తెరలు తగిలిస్తుంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పెళ్లయిన కొత్తలో మరదలికి ఆ మాటంటే గుండెదడ. మొగుడేమో గోదాము కాపలాదారు, ఆయన పగలు పడుకుంటాడు, రాత్రి మేలుకుంటాడు. లెక్క చూస్తే ఆయన పక్కన కన్నా ఈ అర్ధమొగుడి పక్కనే ఆమె ఎక్కువ కాలం గడిపింది.

కుడిభుజం సంగతి కిందటేడు మొదలైంది. ముందు జడ వేసుకోవడం కష్టమైంది. తర్వాత నిచ్చెన మీద చెయ్యి పైకి లేవడం మానేసింది. చెబితే పని పోతుందని చెప్పలేదు. ఒక బడిలో పెద్ద హాలుకు కడ్డీలు బిగించాల్సి వచ్చినప్పుడు, కిటికీ ఎత్తుకు కాకుండా తన చెయ్యి వెళ్లిన ఎత్తుకు బిగించేసింది. అన్ని కిటికీలకూ ఒకేలా కుదిరాయి కాబట్టి కళ్లకు తేడా తెలియలేదు. తెరలు తగిలించాక తెలిసింది. అన్నీ నేల మీద ఈడ్చుకుంటున్నాయి. సూపర్‌వైజరు వచ్చి చూసి, కొలత తప్పారని వదిన మీద విరుచుకుపడ్డాడు. వదిన ఒకసారి కడ్డీల వంక చూసింది, ఒకసారి మరదలి వంక చూసింది. "పొరపాటైంది" అని తెరలన్నీ దించి అంచులు మళ్లీ మడిచి కుట్టింది. మర్నాడు పొద్దున్నే మరదలి ఎడమచెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ తెరల గురించి ఇప్పటిదాకా ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని మరదలు చాలాసార్లు అనుకుంది.

భుజం బిగుసుకుపోయింది, కదిలిస్తేనే వదులుతుందన్నాడు డాక్టరు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని మరదలు నీరసంగా నవ్వితే, "మాను వంగక్కర్లేదు, కొమ్మ ఒక్కటి లేస్తే చాలు" అంది వదిన.

ఆ రోజునుంచీ వ్యాయామం వాళ్లతోపాటు ప్రయాణం చేసింది. రైల్లో పై బెర్తు గొలుసు పట్టుకుని, హోటలు వంటగది వెనక, ఇంకా సున్నం ఆరని గోడల మీద కూడా. మొదట్లో మరదలిది ఆరంభశూరత్వమే. వారం చేసేది, నొప్పి కాస్త తగ్గేసరికి మానేసేది. ఏరు సగం దాటి తెప్ప తగలేసే రకం. వదిన మాత్రం జిడ్డులా పట్టుకుంది. ఒకసారి బస్సు ఆలస్యమైందని, రోడ్డు పక్క స్తంభం దగ్గర నిలబెట్టి చెయ్యి ఎత్తించింది. దారినపోయే బస్సు ఒకటి కీచుమంటూ ఆగింది. కండక్టరు తలుపు తీసి "ఎక్కండమ్మా, త్వరగా" అన్నాడు. మరదలు గతుక్కుమని, చెయ్యి దించకుండానే "మేం ఎక్కంలెండి, ఊరికే" అంది. ఊరికే బస్సులాపే ఆడవాళ్లను ఆ కండక్టరు అంతకుముందు చూసి ఉండడు. వదిన నవ్వీ నవ్వీ స్తంభానికి చేరగిలబడింది.

ఇవాళ వదిన పని మానేసి వెళ్లిపోతోంది. రెండు కళ్లకూ శుక్లాలు. కిందటి నెల జీవితంలో మొదటిసారి బట్టను వంకరగా కోసింది. ఎవరూ ఏమీ అనకముందే ఆమే కంపెనీకి ఫోను చేసి చెప్పేసింది. వచ్చేవారం కూతురి ఊళ్లో ఆపరేషను. తర్వాత టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటానంది. ఇకమీద బట్టలు కంపెనీలోనే కుట్టి పంపుతారు. కట్టే మనిషి ఒక్కతే వెళ్లాలి. ఎత్తు పని మరదలు ఒంటరిగా చేయగలదో లేదో ఈ పూట చూస్తానని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. చేయలేకపోతే కంపెనీ షెడ్డులో కుట్టుమిషను దగ్గర కూర్చోబెడతారు.

మిషను పని తప్పేమీ కాదు. కానీ మరదలికి ఊళ్లు కావాలి. బోసిగా ఉన్న గదిలోకి వెళ్లి, సాయంత్రానికి దానికి బట్టకట్టి బయటికి రావడం కావాలి. ఆఖరి తెర పడగానే గదిలో వెలుగు మెత్తబడే ఆ నిమిషం కోసమే ఇన్నేళ్లు నిచ్చెనలెక్కింది. ఏ షెడ్డులోనూ అది దొరకదు.

ఆసుపత్రి వార్డులో మంచాల చుట్టూ తెరలు కట్టాలి. పైకప్పుకు పట్టాలు అప్పటికే బిగించి ఉన్నాయి. వాటిలోని చిన్న చక్రాలకు తెర కొక్కేలను ఒక్కొక్కటిగా తగిలించాలి. చేసేది తేలికపని, చేసినంతసేపూ చెయ్యి తలపైనే ఉండాలి. ఈ ఏడాదిగా కష్టమైన చోట్ల వదినే నిచ్చెనెక్కేది. ఆమె పొడుగు మనిషి, సగం మెట్లలోనే పని అయిపోయేది. ఇవాళ ఆమె నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుని కిందే నిలబడింది.

"నా మోకాళ్లు ఇవాళ సెలవు పెట్టాయి. నువ్వెక్కు."

సూపర్‌వైజరు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి మంచం గోడవారన ఉంది. మరదలు నిచ్చెన మీద నిలబడి, కొక్కేన్ని బొటనవేలి కింద నొక్కిపెట్టి, మిగిలిన వేళ్లు గోడకు ఆనించింది. పొద్దున చేసినట్టే వేళ్లు పాకాయి. పట్టా అందింది. కొక్కెం టిక్కుమని పడింది. ఆ మంచం మీది ముసలాయన అంతా చూస్తూ, "ఇటువైపు మూసెయ్యకమ్మా, నాకు కిటికీ ఒక్కటే కాలక్షేపం" అన్నాడు. "తెర మీ చేతిలో ఉంటుంది తాతగారూ, లాక్కుంటే తెరుచుకుంటుంది" అందామె, చెమట తుడుచుకుంటూ.

వార్డు నడుమ ఉన్న మంచాలకు గోడ లేదు. అక్కడ కుడి మోచేతిని ఎడమ అరచేత్తో కిందనుంచి నెట్టింది. పని నత్తనడక నడిచింది. కనుబొమల మీద సున్నపు పొడి పడింది. మధ్యమధ్య చెయ్యి దించి, నిచ్చెన మీదే లోలకంలా ఊపుకుని మళ్లీ ఎత్తింది. చివరి మంచం దగ్గర పైకప్పు ఇంకాస్త ఎత్తు. చెయ్యి లేచింది, పట్టాకు బెత్తెడు దూరంలో వణికింది, పడిపోయింది. కొక్కెం జారి నేల మీద గణగణమంటూ దొర్లింది.

వార్డంతా విన్నది. మరదలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన వైపు చూసింది, దిగనా అన్నట్టు. వదిన దిగమనలేదు, తానెక్కుతాననలేదు. వంగి, చూపు ఆనక నేలంతా తడిమి, కొక్కెం వెతికి తీసి పైకి అందించింది.

"చెయ్యి రాకపోతే నువ్వే వెళ్లు. పైన ఇంకో మెట్టుందిగా."

ఉంది. నిచ్చెన ఊగుతుందని మరదలు ఎప్పుడూ ఎక్కని మెట్టు. వదిన రెండు చేతులతో, ఒక మోకాలితో నిచ్చెనను అదిమిపట్టింది. మోకాళ్లు సెలవు మానేసి పనిలోకి వచ్చాయి. మరదలు ఎక్కింది. టిక్కుమంది.

సూపర్‌వైజరు ప్రతి తెరనూ లాగి చూశాడు. ఏదీ అడ్డుపడలేదు.

"పని నిదానంగా ఉందమ్మా. కానీ తీరుగా ఉంది" అన్నాడు. "ఈ వారం ఇక్కడి మిగతా వార్డులు పూర్తి చెయ్యండి, నిచ్చెన పట్టుకోవడానికి ఆయాను అడుగుతా. రెండు నెలల్లో ఒక పెద్ద హాలు పని వస్తోంది. దానికి మాత్రం చెయ్యి పూర్తిగా లేవాలి. లేస్తుందా?"

"రోజూ కాస్త కాస్త లేస్తోందండీ."

"రోజూ లేస్తే సరే. అప్పుడు చూద్దాం."

బస్టాండులో వదిన బస్సు ముందే వచ్చి ఉంది. మరదలు సంచిని ఎడమచేత్తో పైన పెట్టబోతే, వదిన కుడిచేతి వంక కళ్లతో సైగ చేసింది. మరదలు కుడిచేత్తో ఎత్తింది. సగం దాకా లేచింది, మిగిలిన సగం వదిన తోసింది.

"నువ్వు లేకపోతే నన్నెవరు అడుగుతారు, గోడ ఎక్కావా అని?"

"ఎవరూ అడగరు. ఇన్నాళ్లూ నా పోరు పడలేక ఎక్కావు. ఇక నీ కోసం ఎక్కు."

"కష్టం వదినా."

"తెలుసే. కళ్లకు కత్తి పెడతారంటే నాకూ గుండె దడదడలాడుతోంది. వెళ్లడం లేదూ?"

మరదలు వదిన చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. సూది పోట్లకు గరుకెక్కిన ఆ వేళ్లు ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాయి. బస్సు కదిలింది. కిటికీలోంచి ఊపడానికి వదిన చెయ్యెత్తింది, అది సునాయాసంగా పైకి లేచింది. మరదలికి దుఃఖంలోనూ కాస్త అసూయ వేసింది.

మిగిలిన పని చేసుకుని సాయంత్రం ఆమె గదికి చేరింది. రెండో మంచం మీద దుప్పటి నీటుగా మడిచి ఉంది. చెప్పులు విడిచి, దీపం కూడా వేయకుండా మంచం మీద వాలిపోయింది. భుజం సలుపుతోంది. పొద్దున్నుంచీ చెయ్యి పైకప్పు మీదే ఉంది, మళ్లీ వ్యాయామమేమిటి? ఒక్క పూటకు ఏమవుతుంది? ఆ మాట ఆమెకు పాత చుట్టం. ఒకసారి లోపలికి రానిస్తే వారం పదిరోజులు కదలదని కూడా తెలుసు. అయినా ఇవాళ మాత్రం దాన్ని గుమ్మంలోంచి తరిమే ఓపిక లేదు. గది మరీ నిశ్శబ్దంగా ఉంది. ఎవరైనా ఒక వెక్కిరింపు మాట అంటే ఎంత బాగుండునో అనిపించింది.

కాసేపటికి దాహమేసి లేచి దీపం వేసింది. మంచం పక్క సందులో, గోడ మీద బాగా పైన, పాత మేకు ఒకటి ఉంది. దానికి ఏదో వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి తలెత్తి చూసింది.

వదిన కత్తెర. తెర అంచు ముక్కతో ఉరితాడులా ముడి వేసి, ఆ పొడుగు మనిషి తన చెయ్యి అందినంత ఎత్తున తగిలించి పోయింది. పొద్దున మరదలు నిచ్చెన సర్దడానికి కిందికి దిగినప్పుడు చేసి ఉండాలి. ఇన్నేళ్లలో ఆ కత్తెరను వదిన ఎవరి చేతికీ ఇవ్వలేదు. పదును పోతుందని మరదలిని సైతం ముట్టుకోనిచ్చేది కాదు.

మరదలికి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. మంచం కాళ్ల దగ్గర కుర్చీ ఉంది. ఎడమచెయ్యి బాగానే ఉంది. రెండిట్లో దేనితోనైనా కత్తెర క్షణంలో చేతికొస్తుంది. ఆమె కుర్చీ వంక చూసి, దాన్ని కాలితో ఇంకా దూరం నెట్టేసింది.

గోడకు ముఖం పెట్టి నిలబడింది. కుడిచేతి వేళ్లు ఆనించింది. భుజం దాటాయి, చెవి దాటాయి, తల దాటి పొద్దున ఆగిన చోటికి వచ్చి వణికాయి. "ఊ, ఇంకొంచెం" అని తనకు తానే పైకి అనుకుంది. నడిమివేలు ఇంకొంచెం పాకింది. గోరు చివర చల్లటి ఇనుము తగిలింది. అంతే, ఇవాళ్టికి అంతే వచ్చింది. ఆమె ఊపిరి వదిలి చెయ్యి దించుకుంది.

కత్తెర మేకుకు మెల్లగా ఊగుతూనే ఉంది.