ఆక్లాండ్ ఎంత దూరం

చపాతీలు వత్తుతున్నాను. మా ఆయన లెవి ఫోన్ చూసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఢిల్లీ నుంచి ఆక్లాండ్ ఎంతనుకున్నావు? పన్నెండు వేల కిలోమీటర్ల పైనే! విమానం కూడా నేరుగా పోదంట. పిల్లకి జ్వరమొస్తే అంత దూరం నుంచి ఏం చేస్తావు?"

"మీరున్నారుగా" అన్నాను. నేనేదో తిట్టినట్టు చూశాడు.

ఘాజియాబాద్‌లో నర్సుగా చేస్తున్నాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. దాని కోసం డ్యూటీకీ వంటకీ మధ్య, పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని చదివాను. మా పాప షారన్ ఇంకా నెలల పిల్లగా ఉన్నప్పుడే లెవి మస్కట్ వెళ్ళాడు. ఆరేళ్ళు ఉన్నాడు. ఆ దూరం ఎంతో అప్పుడు ఎవరూ చూడలేదు. "నా కొడుకు ఇంటికోసం ఎండల్లో మాడిపోతున్నాడు" అని అత్తయ్య చర్చిలో కళ్ళు తుడుచుకునేది. పాపకి టైఫాయిడ్ వస్తే రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా దాని పక్కనే కూర్చున్న నాతో, "కన్నతల్లివి, ఆ మాత్రం చెయ్యవా?" అంది. ఇప్పుడు నేను వెళ్తానంటే, "అసలు తల్లివేనా?" అంటోంది.

ఆదివారం చర్చిలో లెవి లేచి నిలబడ్డాడు. "నా భార్య మనసు మారాలని ప్రార్థన చెయ్యండి" అన్నాడు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నా తల మీద చేతులు పెట్టారు. ఆ బరువుకి మెడ వంగిపోయింది. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. నిజంగానే చెడ్డతల్లినేమోనని ఆ రోజంతా కుమిలిపోయాను. ఇక వెళ్ళనని చెప్పేద్దామనే మర్నాడు వార్డు నుంచి, ఈ ఉద్యోగం ఇప్పించిన నోయిడా ఏజెన్సీకి ఫోన్ చేశాను.

అక్కడ పనిచేసే తెలుగమ్మాయి ఇషిత ఎత్తింది. "అదేంటి దీదీ, మీ హజ్బెండ్ శుక్రవారమే కాన్సిల్ చెయ్యమన్నారుగా? మీరే చెప్పమన్నారన్నారు. మీతో ఒకసారి మాట్లాడాలని నేనింకా పైకి పంపలేదు."

శుక్రవారం! అంటే ఆదివారం నా తల మీద అన్ని చేతులు పెట్టించే నాటికే ఆయన అంతా ముగించేశాడు.

ఇంటికొచ్చి అడిగాను. "ముందే కాన్సిల్ చెయ్యమన్నవారు మళ్ళీ ఆ ప్రార్థన ఎందుకు చేయించారు?"

లెవి టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఊరికే చెప్తే గొడవ చేస్తావు. నీ అంతట నువ్వే మానుకున్నట్టు ఉంటుందని."

ఆయన ముందే ఇషితకి ఫోన్ చేశాను. "ఇషితా, నేను జ్ఞానకుమారిని. వెళ్తున్నాను. ఇకమీదట నా సంగతి నేను చెప్తేనే వినమ్మా."

అత్తయ్య గుండెలు బాదుకుంది. "ఆ మాటేదో నీ కూతురికి చెప్పు!" అని లెవి అరిచాడు.

షారన్ అప్పటికే తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది.

"మమ్మీ, కబ్ జా రహీ హో?"

ఎప్పుడు వెళ్తున్నావని అడిగింది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు. అందరూ అన్న ఆ ఒక్క మాటా నా బిడ్డ అననందుకు, ఇన్నాళ్ళూ ఎవరి ముందూ ఏడవని దాన్ని, వాళ్ళందరి ముందూ నేలమీద కూలబడి ఏడ్చాను.