ఎర్నవ్వ నీడ

సాయంత్రం ఎండ కాస్త వాలగానే గంగామణి ఎర్నవ్వను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గల్ఫ్‌లోని ఫరీజ్ బిన్ మహమూద్ పేట గల్లీలోకి తోసుకొస్తుంది. తొంభై అయిదు దాటిన అవ్వది జర్మనీ. మనవడు లుసైల్‌లో స్టేడియం కట్టే ఇంజనీరు. అవ్వను చూసుకోవడానికి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన గంగామణిని పెట్టుకున్నాడు.

అవ్వ పిడికెడు మనిషే గాని నీడ మాత్రం గల్లీ అంత. అందులో నిలబడితే చల్లగా ఉంటుంది, బయటివాళ్ళ కంటికి కనబడరు కూడా. చాయ్ దుకాణం లియాఖత్ అలీకి ఒకటే బాధ, ఆ నీడలోకి గ్లాసులు ఎవరు పట్టుకెళ్ళారో తెలియదని.

హిట్లర్ రోజుల్లో అవ్వ బెర్లిన్‌లో రొట్టెల దుకాణంలో పనిచేసేది. గెస్టాపో పోలీసులు వెతికే యూదులను పిండి బస్తాల వెనక దాచేది. ఒక్కొక్కరిని దాచినప్పుడల్లా నీడ జానెడు పెరిగిందట. ఆ పనిలో తోటివాళ్ళను ఉరితీశారు. అవ్వనూ చావగొట్టారు, ఒక్క పేరు చెప్పలేదు.

"గెస్టాపో అంటె నీ కఫీలా, అవ్వా?" అనడిగింది గంగామణి ఒకసారి. ఆమెకు తెలిసిన భయం, పాస్‌పోర్టు దాచుకునే యజమాని, కఫీలే మరి.

"కాదే పిల్లా. గాళ్ళు పాణాలే గుంజుకుంటరు," అంది అవ్వ, గంగామణి దగ్గర పట్టుకున్న తెలుగులో.

ఆ రోజు గంగామణి తమ్ముడు లింబాద్రి రొప్పుతూ వచ్చి నీడలో దూరాడు.

"అక్కా, ఖల్లివెల్లి అయిన. కంపెనీ ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. ఇంటికాడ స్వర్ణకు ఆపరేషనట. నా పెండ్లాం పక్కన నేను లేకుంటె ఎట్ల? స్టేడియం అయ్యేదాక లీవు మాఫీ, లేనే లేదన్నరు. ఎంబసీకి పోతె ఇంటికి తోలిస్తరు గని, తొవ్వల కంపెనీ క్యాంప్ బాస్ నన్ను దేవులాడుకుంట తిరుగుతుండు."

గంగామణి గల్లీ రెండు వైపులా చూసింది. తమ్ముడు దొరికితే తన కొలువూ గోవిందా. అవ్వ మాత్రం, "యల్లా, ఎంబసీకి తొయ్యి," అంది.

సగం దూరంలో క్యాంప్ బాస్ బండి ఆపి దిగాడు. అతని బూటు అవ్వ నీడ అంచుకు తగులుతోంది. ఆ అంచు లోపలే లింబాద్రి ఊపిరి బిగబట్టాడు.

"నీ తమ్ముడెక్కడ?"

అవ్వ కళ్ళు మూసుకుని ఉంది. చెప్పాల్సింది గంగామణే.

"సూడలె," అంది.

బాస్ బండెక్కి వెళ్ళిపోయాడు. ఎంబసీ గేటు దాకా ఇంకెవరూ ఆపలేదు. లింబాద్రి అవ్వ కాళ్ళు మొక్కి లోపలికి పోయాడు. గంగామణికి ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషంతోనే.

అప్పుడు రోడ్డవతల లారీ చాటు నుంచి, తమ్ముడి క్యాంపు నుంచే పారిపోయి వచ్చిన సురేందర్ సాయం కోసం చెయ్యి ఊపాడు. అవ్వ అలసి నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. గంగామణి కిందికి చూసుకుంది. తన నీడా జానెడు పెరిగి, తన ఒంటికి మించి, పక్కకు పరుచుకుని ఉంది.

కుర్చీని గేటు పక్కన చెట్టు కింద ఆపి ఒక్కతే రోడ్డు దాటింది.

"రా తమ్మీ," అంది, "నాకు ఆనుకోని నడువు. కొత్తది, ఒక్కనికే సరిపోతది."