విరిగింది ఎన్నో ఎముక?

ఆస్పత్రి రికార్డుల గదిలో ఆవిడను అందరూ అనుమానాలక్క అనేవారు. డాక్టర్లు రాసిన జబ్బు చదివి దానికి సరిపడే కోడ్ వెయ్యడం ఆవిడ పని. కోడ్ పడితేనే బీమావాళ్లు ఆపరేషన్‌కు సరేనంటారు. డాక్టరు రాయనిది ఒక్క ముక్క కూడా సొంతంగా ఊహించకూడదు, అదీ నియమం.

ఆ ఉదయం వచ్చిన ఫైలు ఆవిడ బుర్ర తినేసింది. నిచ్చెన మీద నుంచి పడ్డ పెయింటరుకు నడుములో ఎముక విరిగింది. ఎక్స్‌రే రిపోర్టులో మొదటి ఎముక అని ఉంది, స్కానింగ్ రిపోర్టులో రెండోది అని. విరిగింది ఒకటా, రెండా? రెండైతే ఒక్కో రిపోర్టూ ఒకదాన్ని ఎందుకు వదిలేసింది? ఒకటే అయితే ఒక్క రోజులో కిందికెలా జారింది? కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. అక్షరం మారితే ఒట్టు.

సర్జన్‌కు ప్రశ్న పంపింది. అందులో జవాబు సూచించకూడదు కాబట్టి, విరిగింది ఏ ఎముక అని మాత్రమే రాసింది. రిపోర్టు చూడండి అని జవాబొచ్చింది. ఏ రిపోర్టు నాయనా అని తల పట్టుకుంది. తర్వాత వచ్చింది స్కానింగే కదా, రెండోది వేసేసి పుణ్యం కట్టుకో, మధ్యాహ్నమే ఆపరేషన్ అన్నాడు సూపర్‌వైజరు. వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి ఆగిపోయాయి. అందరికీ అర్థమైంది తనకొక్కదానికే ఎక్కడం లేదేమోనని సిగ్గేసింది కూడా. అయినా ఫైలు చంకన పెట్టుకుని వార్డుకు నడిచింది.

పెయింటరు బోర్లా పడుకుని ఉన్నాడు. స్కానింగ్ రిపోర్టును నమ్మిన సర్జన్, తుంటి దగ్గర నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ వచ్చి, కోయాల్సిన చోట వీపు మీద నీలం గుర్తు పెట్టేశాడు.

"రెండు రిపోర్టులూ రెండు రకాలుగా ఉన్నాయి సార్. నా ముందొకసారి లెక్కపెడతారా?" అంది అక్క.

ఆయన విసుక్కుంటూనే ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టాడు. నడుములో ఐదుంటాయి కదా అని అడుగుదాన్ని ఐదోదనుకుని పైకి లెక్కపెడితే విరిగింది మొదటిది. అక్కకు మళ్లీ అయోమయం. పక్కటెముకలు ఆగిన చోట నుంచి తాను కిందికి లెక్కపెట్టింది. అదే ఎముక రెండోది. సర్జన్ ఆవిడ వంక చూసి, ఈసారి అన్నింటినీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరున్నాయి. అందరికీ ఐదుండే చోట ఈ మనిషికి పుట్టుకతోనే ఒకటి ఎక్కువ. స్కానింగ్ డాక్టరు పైనుంచి లెక్కపెట్టాడు, ఎక్స్‌రే డాక్టరూ సర్జనూ కిందినుంచి. నీలం గుర్తు ఉన్నది నిక్షేపంలాంటి ఎముక మీద.

సర్జన్ దూదితో ఆ గుర్తు తుడిచేసి, ఒక ఎముక పైకి కొత్త గుర్తు పెట్టాడు.

"ఎందుకు చెరిపేశారు డాక్టరుగారూ?" అన్నాడు పెయింటరు దిండులోంచి.

సర్జన్ పెన్నుకు మూత పెడుతున్నాడు. ఆయన చెబుతాడేమోనని అక్క అటు చూసింది.

"ముందు తప్పు లెక్కపెట్టాం బాబూ," అంది మంచం మీదికి వంగి.

"అవును," అన్నాడు సర్జన్.