మా ఆయన చెప్పిన సాక్ష్యం

పొద్దున్నే రెండు గిన్నెలు పొయ్యెక్కించాలి నేను. ఉప్పూకారం వేసింది ఇంట్లోవాళ్లకు, చప్పిడిది నాకు. ఐదో నెల కడుపుతో, పచ్చబడిన కళ్లతో, రెండూ నేనే వండాలి. "పసరు తాగేటప్పుడు ఉప్పు ముట్టగూడదు మే" అని మా అత్త దానమ్మ కట్టడి చేసింది. ఆ కామెర్ల పసరు ముంత ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాలలో మా ఇంటికి వస్తుంది పాపం, చుక్క ఒలకనీయదు. ఆమెను తిట్టుకోవడానికి నాకు నోరు రాదు.

నావి మామూలు కామెర్లు కావు. ఎన్నిసార్లు తగ్గినా తిరగబెడుతుంటే, పంతొమ్మిది వందల ఎనభైలో కర్నూలు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఒంటిని రోగాల నుంచి కాపాడాల్సిన శక్తే నా కాలేయాన్ని తినేస్తోందట. రోజూ మాత్రలు మింగాల్సిందేనట. ఆ మాత్రలకు మొహం ఉబ్బింది, చెంపల మీద నూగు మొలిచింది. బడిలో తోటి పంతులమ్మలు చాటుగా నవ్వారు. ఆడబిడ్డయితే "ఏందీ వదినా, బూరె మాదిరి అయినావు!" అని మొహం మీదే అనేసింది. అయితేనేం, రోగంతో ఆగిపోయిన ముట్టు మళ్లీ వచ్చింది ఆ మాత్రల పుణ్యమే. మూడేళ్లకు కడుపూ నిలిచింది.

ఆ సంతోషం పట్టలేక మా ఆయన కరుణాకర్ చర్చిలో లేచి, నా రోగం ప్రార్థనతో పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. అంత మాట అన్నాక ఇంట్లో మాత్రలు కనబడకూడదు గదా! "లూదియా, ఇంకా మింగుతాంటే నా మాట అబద్ధమైతాది. బిడ్డకూ మంచిది గాదేమో" అన్నాడు, నా కాళ్లు ఒత్తుతూ. కసిరి ఉంటే వినేదాన్ని కాదు. ప్రేమగా అడిగాడు, మానేశాను.

కొన్నాళ్లకే కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లంతా ఒకటే దురద. పసరుకు మాత్రం మా ఆయనకు అభ్యంతరం లేదట, అది మందు కిందికి రాదట! బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే కర్నూలు పోయాను. "మాత్రలు ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ గద్దించింది. దేవుడని చెప్పనా, మొగుడని చెప్పనా? "ఆ మాత్రలతో బిడ్డకేమీ భయం లేదు. ఇట్లే మానేస్తే నువ్వూ దక్కవు, బిడ్డా దక్కదు" అంది. తిరిగొచ్చే బస్సులో బిడ్డ మొదటిసారి కదిలింది. అబ్బ, ఎంత ఏడ్చానో! మొగుడి మాట నిలబెట్టడానికి దీన్ని పోగొట్టుకుంటానా?

ఆదివారం సాక్ష్యాల వేళ ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడ్డాను.

"నా రోగం పోలేదు. మా ఆయన ఆశపడి చెప్పినాడు. దేవుడు నాకిచ్చింది ఈ మాత్రలే. మళ్లీ మింగుతాండా. బిడ్డ పుట్టినాకా మింగుతా. మరిచిపోకుండా మింగాలని నా కోసం ప్రార్థన చేయండి" అని కొంగుముడి విప్పి మాత్ర చేతిలోకి తీసుకున్నాను.

ఒక్కరూ స్తోత్రం అనలేదు. మా ఆయన తల దించుకున్నాడు. చూసి జాలేసింది, అయినా కూర్చోలేదు.

పసరు ముంతతో ముందురోజే వచ్చిన మా అత్త చాప మీది నుంచి మోకాళ్లు పట్టుకుని లేచింది. అందరి ముందూ తిడుతుందనే అనుకున్నాను.

"ఉత్తనోటితో మింగుతావా మే? గొంతుకు అడ్డం పడుతాది. ఉండు, నీళ్లు తెస్తా" అంది.