గద్ద ఎడమ కాలు

కిందటేడు అక్టోబరు ఇరవై ఐదు, శుక్రవారం. రిజర్వాయరు గట్టు మీద కూర్చుని నిమ్మకాయ పులిహోర, వేయించిన మజ్జిగ మిరపకాయలు తిన్నాం. చేతులు కడుక్కుని నా భార్య రమ బైనాక్యులర్ అందుకుంది. పక్షుల్ని చూడటం ఆమె పని, రాయటం నాది. స్తంభం మీద మా వైపు తిరిగి కూర్చున్న పక్షిని చూసి, "చేపల గద్ద. ఎడమ కాలికి ఎవరో గుర్తు కోసం తొడిగిన ఆకుపచ్చ రింగు. వచ్చే ఏడు మళ్లీ వస్తుందేమో చూడాలి" అంది. రాశాను. ఫిబ్రవరిలో ఆమె పోయింది.

ఈ అక్టోబరులో ఆ నోటు పుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఒకప్పుడు గల్ఫ్‌లో, సల్మానియా ఆస్పత్రిలో రమతో పాటు నర్సుగా చేసిన లూర్దుమేరి కారులో తీసుకెళ్లింది.

అదే స్తంభం మీద చేపల గద్ద ఉంది. నేను బైనాక్యులర్ సరిచేసుకునేలోపే పంపు గది ఇనుప తలుపు ఢామ్మని కొట్టుకుంది. గద్ద లేచిపోయింది.

"అయ్యో సార్, గాలికి గుంజుకున్నది" అన్నాడు కాపలా ఉండే భూమేష్. "మల్ల వస్తది తియ్యి. దాని కుర్సీ అదే."

గంట తర్వాత వచ్చింది, గోళ్లలో చేపతో. మా వైపు తిరిగే కూర్చుంది. ఆకుపచ్చ రింగు కనిపించింది. కానీ అది నాకు కుడివైపున ఉన్న కాలికి.

నాకు కుడి అంటే దానికి ఎడమ. మరి రమ చెప్పింది ఎవరి ఎడమ? తన ఎడమ అయితే ఇది వేరే పక్షి. అప్పుడు అడగాలని తోచలేదు. లేచి, గద్దకు వీపు తిప్పి నిలబడి నా కాళ్లు చూసుకున్నాను. మళ్లీ ఇటు తిరిగాను. ఇంకా తికమకైంది.

"ఏంటన్నయ్యా, డాన్సు ప్రాక్టీసా?" అంది లూర్దుమేరి.

చెప్పాను. ఆమె నవ్వలేదు.

"వదిన ఇరవై ఏళ్లు వార్డులో చేసింది. ఎదురుగా నిలబడి చూసినా, ఎడమంటే మాకు పేషెంటు ఎడమే. మన ఎడమ అనుకుంటే బాగున్న కాలికి కట్టు కట్టేస్తాం."

"గద్ద పేషెంటా?"

"వదినకి అందరూ పేషెంట్లేగా! మీ ఎదురుగా కూర్చుని కూడా, 'కళ్లజోడు మీ ఎడమ పక్కనే ఉంది' అనేది కాదూ?"

అనేది. నేను మాత్రం కుడివైపు వెతికేవాణ్ని.

పోయినేటి మాట కిందే ఈ రోజు తేదీ వేశాను. "అదే పక్షి" అని రాయబోయి, "అదే కావచ్చు" అని రాశాను. ఆకుపచ్చ రింగులు ఇంకెన్ని గద్దలకు ఉన్నాయో నాకేం తెలుసు?

చీకటి పడుతోంది. గద్ద స్తంభం మీదే మెడ ముడుచుకుంది. భూమేష్ పంపు గది దగ్గరికి వచ్చి, "ఉన్నదా సార్ ఇంక?" అని గుసగుసగా అడిగాడు. తలూపాను.

అతను ఇనుప తలుపును రెండు చేతులా పట్టుకుని, కొద్దికొద్దిగా, చప్పుడు కాకుండా మూశాడు.